ఎర్ర వలయం

అతను చేసేది తీగలు లేని పని, వైర్‌లెస్ నెట్‌వర్కు. అయినా యార్డులో అతని పేరు తీగలాయన. ఆ పేరు పెట్టిన ఘనత బావమరిదిది. బావని రోజుకొక్కసారైనా ఏదో ఒకటి అనకపోతే వాడికి తిన్నది అరగదు. "తీగల్లేకుండా పనిచేసే తీగలాయన మా బావ" అని ఒకరోజు క్యాంటీన్లో గట్టిగా అన్నాడు. అంతే, లారీ డ్రైవర్ల నుంచి మేనేజరు దాకా అందరి నోళ్లలోనూ ఆ పేరే నానింది. అసలు పేరు జీతం కాగితానికే పరిమితమైపోయింది.

ధాన్యం నిలవచేసే యార్డు అది. నడిమధ్యలో ఎత్తైన సిమెంటు టవర్, దాన్ని ఆనుకుని గుండ్రటి ఇనుప గాదెలు. వాటి కింద, నేల లోపల, ఒక సొరంగం. గాదెల అడుగు నుంచి రాలిన గింజలు సొరంగంలోని బెల్టు మీద పడి టవర్ మొదట్లోకి చేరతాయి. అక్కణ్ణుంచి పైకెక్కి లారీల్లోకి దిగుతాయి. గాదెలు దాటితే లారీలు తిరిగే జాగా, అది దాటితే ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లాలు, అన్నిటికంటే చివర కాలవ. ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే పడుచువాళ్లకైనా కాళ్లు పీకుతాయి.

పనిలోకి వచ్చిన ప్రతి మనిషి మెడలోనూ ఒక తెల్లటి బిళ్ల వేలాడాలి. ఆ బిళ్ల ‘ఉన్నాను, ఉన్నాను’ అని ఎప్పుడూ కూస్తూనే ఉంటుంది. ఆ కూత మన చెవికి అందదు, టవర్ నెత్తిన ఉన్న యాంటెన్నాకి అందుతుంది. కూత బలంగా ఉంటే మనిషి దగ్గర్లో ఉన్నట్టు, నీరసంగా ఉంటే దూరంగా ఉన్నట్టు. ఆ లెక్క ప్రకారం గేటు పక్కన కంట్రోల్ రూంలో, తెర మీద మూడు వలయాలు గీసి ఉంటాయి. టవరూ గాదెలూ ఉన్నంత మేర పచ్చ వలయం. గేటూ లారీల జాగా పసుపు. కళ్లాలూ కాలవగట్టూ ఎరుపు. మనిషి ఏ దిక్కున ఉన్నాడో తెర చెప్పదు, ఎంత దూరంలో ఉన్నాడో మాత్రమే చెబుతుంది.

ఇంత హంగామా ఎందుకంటే, గాదెల్లో పురుగు పట్టకుండా అప్పుడప్పుడు మందు మాత్రలు వేస్తారు. మాత్రలకి చెమ్మ తగిలితే మెల్లమెల్లగా విషవాయువు వదులుతాయి. పురుగుని చంపేది మనిషిని చూసి మొహమాటపడదు కదా! అందుకని ముందు సైరన్ మోగుతుంది. అందరూ గేటు దగ్గరికి చేరాలి. పచ్చ వలయంలో ఒక్క చుక్క కూడా లేదని తెర చూసి చెప్పాకే మందు మేస్త్రి డబ్బా మూత తీస్తాడు. ఈ తెర రాకముందు మేస్త్రే స్వయంగా సొరంగంలోకి దిగి, "ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా" అని అరుచుకుంటూ అటు చివరి దాకా నడిచి వచ్చేవాడు. తెర వచ్చాక ఆయన గొంతుకీ మోకాళ్లకీ విశ్రాంతి దొరికింది.

కళ్లాల దగ్గర నెట్‌వర్క్ అందడంలేదని చాన్నాళ్లుగా గోల. అక్కడికెళ్తే బిళ్లలు తెర మీద కనపడీ కనపడనట్టు మిణుకుమిణుకుమంటాయి, యార్డు ఫోన్లు మాట మధ్యలో తెగిపోతాయి. మేనేజరు చెవిలో జోరీగలా అదే పాట పాడుతుంటే భరించలేక, కిందటి నెలలో తీగలాయన పాత పొట్టి యాంటెన్నా పీకేసి, దాని చోట మనిషికంటే పొడుగున్న సన్నటి కొత్తది నిలబెట్టాడు. ఇది గెయిన్ ఎక్కువున్న యాంటెన్నా.

"గెయిన్ అంటే ఏంటి బావా? కరెంటు ఎక్కువ తాగుతుందా?" అని అడిగాడు బావమరిది. వాడు సొరంగంలో బెల్టు మెకానిక్కు. ఇనుముతో పని కాబట్టి కంటికి కనపడని వాటి మీద వాడికి చిన్నచూపు.

తీగలాయన క్యాంటీన్ వంటవాడి పళ్లెంలోంచి పిండి ముద్ద ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "బలం పెరగదురా, ఉన్న బలమే. ఈ ముద్ద పాత యాంటెన్నా అనుకో. అన్ని వైపులకీ కొంచెం కొంచెం. ఇప్పుడు చూడు" అని అరచేత్తో నొక్కాడు. ముద్ద అణిగి బల్ల మీద దూరం దాకా పరుచుకుంది. "పిండి అంతే ఉంది. ఎంత దూరం పోయిందో చూశావా?"

"నీకు వంటలో మంచి చెయ్యుంది బావా. అనవసరంగా టవర్లెక్కుతున్నావు" అన్నాడు బావమరిది. పిండి పాడుచేసినందుకు వంటవాడు ఇద్దరికీ కలిపి అక్షింతలు వేశాడు.

యాంటెన్నా పెట్టిన రోజున తీగలాయన ఒక బిళ్ల చేత్తో పట్టుకుని యార్డంతా కొలుచుకుంటూ తిరిగాడు. ఎక్కడ అందట్లేదని గోలో అక్కడే మొదలుపెట్టాడు. కాలవగట్టు, కళ్లాలు, లారీల జాగా. అంతా దివ్యంగా ఉంది. దాన్నిబట్టి వలయాల హద్దులు కూడా కొత్తగా సరిచేశాడు. తిరిగి తిరిగి టవర్ దగ్గరికొచ్చేసరికి ఇక్కడ చూసేదేముందిలే అనిపించింది. యాంటెన్నా నెత్తిమీదే ఉంది కదా! దూరాన్ని గెలిచినవాడు దగ్గరని లెక్కచేస్తాడా? మేనేజరు భుజం తట్టాడు. మనవాడు ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఆ రోజు భోజనాలయ్యాక సైరన్ మోగింది. మూడో గాదెకి మందు. జనం మాట్లాడుకుంటూ, దుమ్ము దులుపుకుంటూ గేటు దగ్గరికి చేరారు. మందు మేస్త్రి మాస్కు మెడలో వేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని కంట్రోల్ రూం కిటికీ దగ్గర ఆగాడు.

"ఏం బాబూ, పచ్చలో ఎవరైనా ఉన్నారా?"

తీగలాయన తెర వంక చూశాడు. పచ్చ వలయం తుడిచినట్టు ఖాళీగా ఉంది. "ఈగ కూడా లేదు మేస్త్రీ, వేసుకోండి" అన్నాడు.

మేస్త్రి వెళ్లిపోయాడు. ఆయన గాదె నిచ్చెన ఎక్కుతుండగా తీగలాయన భార్య కిటికీ దగ్గరికొచ్చింది. ఆవిడ పని ధాన్యంలో తేమ ఎంతుందో చూసే గదిలో. సైరన్ మోగితే ఆవిడ అందరికంటే ముందొస్తుంది, వచ్చి తమ్ముడికోసం వెతుక్కుంటుంది. అమ్మ పోయిన దగ్గర్నుంచి వాణ్ణి పెంచింది ఆవిడే.

"ఏమండీ, తమ్ముడు కనపడట్లేదు. భోజనానికి కూడా రాలేదు."

"ఉంటాడు, ఎక్కడికి పోతాడు?" అంటూ తెర మీద వెతికాడు. దొరికాడు. ఎర్ర వలయంలో, దాని అంచుకి అంటుకుని ఒకే ఒక్క చుక్క. "అదుగో, కాలవ వైపున్నాడు. ఏ నీడనో చూసుకుని కునుకు తీస్తుంటాడు మీ ముద్దుల తమ్ముడు."

"సైరన్ మోగినా లేవకుండానా?"

అతను బావమరిదికి ఫోన్ చేశాడు. అందుబాటులో లేదంది. చుక్క మీద వేలు పెడితే కూత బలం అంకెగా కనపడుతుంది. నడిచే మనిషి అంకె ఎగిరెగిరి పడుతుంది, కూర్చున్న మనిషి అంకె కూడా కాస్తో కూస్తో ఊగుతుంది. ఈ అంకె మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. వెనక్కి జరిపి చూశాడు. భోజనాలకి ముందు నుంచీ అలాగే ఉంది.

భార్య అతని భుజం మీదుగా ఆ అంకెనే చూస్తోంది. అది ఏంటో ఆవిడకి పూర్తిగా తెలియదు, కానీ మొగుడి మెడ బిగుసుకుపోవడం తెలిసింది.

"వాడికి ఈత రాదండీ" అంది.

ఇక ఆగలేదు. తెర కనపడే చేతి పలక ఒకటి పట్టుకుని తీగలాయన పరిగెత్తాడు. వెనక భార్య, ఆవిడ వెనక గేటు దగ్గరున్నవాళ్లలో సగంమంది. కళ్లాల మీద ఆరబోసిన ధాన్యం తొక్కుకుంటూ పోయారు. మామూలు రోజుల్లో అయితే దానికి మేనేజరు నానా యాగీ చేసేవాడు. ఆ రోజు ఆయనే గేటు దగ్గర నుంచి, తొక్కుకుంటూ పొండని అరిచాడు.

కాలవ నిండుగా పోతోంది. నీళ్లు బురద రంగులో ఉన్నాయి, లోపల ఏముందో కనపడదు. గట్టు పొడుగునా మనుషులు చెదిరిపోయి బావమరిదిని పిలుస్తున్నారు. ఒకడు పొడవాటి వెదురుకర్ర తెచ్చి నీళ్లలో పొడుస్తున్నాడు. ఆ కర్ర లోపల దేనికో తగిలి ఆగినప్పుడల్లా గట్టు మీద అందరి ఊపిరీ ఆగుతోంది. మట్టి గడ్డ. చెట్టు మోడు. మళ్లీ మట్టి గడ్డ.

యార్డు ఊడ్చే ఆవిడ చీపురు చేత్తోనే వచ్చింది. "పొద్దున ఇక్కడే చూశాను, కళ్లం పక్కన చక్రాలకి గ్రీజు పెడుతున్నాడు. నన్ను చూసి పాట కూడా పాడాడు" అంది. ఆ మాట వినగానే తీగలాయన భార్య గట్టు దిగి నీళ్ల అంచుకి వెళ్లిపోయింది. ఇద్దరు ఆడవాళ్లు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ ఏడవట్లేదు. తమ్ముణ్ణి చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తోంది. ఆ పేరు ఇంట్లో తప్ప బయట ఎవరూ వినలేదు ఇన్నాళ్లూ.

తీగలాయనకి కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. ఈవిడ మొహంలోకి ఇక జన్మలో చూడలేననుకున్నాడు. నీళ్ల వైపు చూడలేక పలక వైపు చూశాడు. సగం చుక్కలు ఎర్ర వలయంలోకి వచ్చేశాయి, కాలవగట్టున మూగిన జనమంతా. వాటిలో బావమరిది చుక్క ఏదో తెలుసుకోవడం కష్టం కాలేదు. అందరి కంటే బయట, ఒంటరిగా ఉంది.

అందరి కంటే బయటా?

తన చుక్క మీద వేలు పెట్టాడు. కూత బలంగానే ఉంది. కొత్త యాంటెన్నా కదా, కాలవగట్టు దాకా బ్రహ్మాండంగా అందుతోంది. భార్య చుక్క మీద పెట్టాడు. అదీ అంతే. బావమరిది అంకె వీటిలో ఐదో వంతు కూడా లేదు. ఇంత నీరసంగా కూయాలంటే మనిషి కాలవ దాటి, అవతలి పొలాలు దాటి, ఎక్కడో చాలా దూరం పోయి ఉండాలి. కాలవ మీద వంతెన లేదు. ఈత రానివాడు అవతలికి ఎలా పోతాడు? పోనీ నీళ్లలో మునిగిపోయుంటే కూత అసలు అందనే అందదు. నీటి అడుగు నుంచి బిళ్ల కూత బయటికి రాదు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మరైతే బిళ్ల దూరంగానూ లేదు, నీళ్లలోనూ లేదు. కూత మాత్రం నీరసంగా ఉంది. దూరం కాకుండా కూతని నీరసం చేసేది ఇంకేముంది?

అరచేయి కింద అణిగిన పిండి ముద్ద అతని కళ్లముందు మెదిలింది. దూరం దాకా పరుచుకుంది, నిజమే. ఆ దూరానికి కావలసిన పిండి ఎక్కణ్ణుంచి వచ్చింది? పైనుంచీ కిందనుంచీ కదా! చుట్టూ దూరంగా చూపు సారించే యాంటెన్నా తన పాదాల కిందకి చూడదు. నేల మీద ఉన్నవాళ్ల కూత గాదెల ఇనుప గోడల మీద పడి ఎలాగో పైకి చేరుతుంది. నేల లోపల ఉన్నవాడికి ఆ దారి కూడా లేదు. పాత పొట్టిదైతే కిందకీ కాస్త వినేది. టవర్ మొదట్లో, సరిగ్గా యాంటెన్నా కింద, సొరంగంలో ఉన్న మనిషి తన కొత్త తెర మీద ఊరవతల ఉన్నట్టు కనపడతాడు.

తల తిప్పి టవర్ వైపు చూశాడు. మూడో గాదె నెత్తిన మందు మేస్త్రి మాస్కు పెట్టుకుని వంగి ఉన్నాడు.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రికి ఫోన్ చేశాడు. అందుబాటులో లేదు. ఎలా ఉంటుంది? మేస్త్రి ఉన్నది కూడా ఆ యాంటెన్నా కిందే, కూతని పైకి తిప్పే ఇనుప గోడలకీ పైన. మేనేజరుకి చేశాడు. గేటు దగ్గర ఫోన్ వెంటనే ఎత్తారు, గొంతు పక్కనే ఉన్నట్టు స్పష్టంగా వినపడింది.

"సార్, మేస్త్రిని ఆపండి! వాడు సొరంగంలో ఉన్నాడు!"

"అదేంటయ్యా, పచ్చలో ఈగ కూడా లేదన్నావుగా?"

"తెర తప్పు చెబుతోంది సార్!"

"తెరా? నీ తెరా?"

"నాదే సార్, నాదే! ఆపండి!" అని అరుస్తూనే పరుగు అందుకున్నాడు. వెనక భార్య ఏదో అడుగుతోంది. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు, ధైర్యం అంతకంటే లేదు. వచ్చేటప్పుడు చిన్నగా అనిపించిన దారి వెనక్కి వెళ్లేటప్పుడు తరగడం లేదు. తాను గెలిచానని మురిసిపోయిన దూరమే అది. అడుగడుక్కీ దాన్ని తిట్టుకుంటూ పరిగెత్తాడు.

టవర్ దగ్గరికి చేరేసరికి మేస్త్రి నిచ్చెన దిగుతున్నాడు. మేనేజరు కింద నిలబడి చేతులు ఊపుతున్నాడు. మేస్త్రి మాస్కు తీసి ఇద్దర్నీ వింతగా చూశాడు.

"ఐపోయింది బాబూ. వేసేశాను. ఏమైంది?"

"మా బావమరిది కింద సొరంగంలో ఉన్నాడు."

మేస్త్రి పెద్దమనిషి, జీవితమంతా ఆ మాత్రలతో గడిపినవాడు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "చెమ్మ పట్టి గాలి వదలడానికి టైం పడుతుంది" అన్నాడు, తనకి తానే చెప్పుకున్నట్టు. ఆ వెంటనే, "కానీ గింజ వేడి మీదుంది. అడుగు తలుపు సందుల్లోంచి సొరంగంలోకే దిగుతుంది" అన్నాడు. సంచిలోంచి రెండో మాస్కు తీసి తీగలాయన మొహానికి తన చేత్తోనే బిగించాడు.

సొరంగం మెట్లు దిగుతుంటే తీగలాయనకి తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మాస్కు అద్దం మసకబారింది. టార్చి వెలుగులో దుమ్ము తేలుతోంది. ఆగిపోయిన బెల్టు చీకట్లోకి పోతోంది, దాని పక్కన ఒక మనిషి పట్టేంత దారి. కనపడని గాలికి భయపడ్డం అతనికి కొత్త. కనపడనిది తన చెప్పుచేతల్లో ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు ఈ చీకట్లో ఏ మూల ఎంత విషం ఉందో చెప్పే తెర ఏదీ లేదు. మేస్త్రి ముందు నడుస్తూ, మాస్కులోంచే, పాత అలవాటు ప్రకారం "ఎవరైనా ఉన్నారా" అని అరుస్తున్నాడు. మాట బయటికి మూలుగులా వస్తోంది.

టవర్ మొదట్లో, బెల్టు మలుపు తిరిగే చోట, ఒక కాలు కనపడింది.

బావమరిది గోడకి ఆనుకుని కూర్చునున్నాడు, తల ఛాతీ మీద వాలిపోయింది. కుడికాలి బూటు బెల్టు చక్రానికీ ఇనుప చట్రానికీ మధ్య ఇరుక్కుని ఉంది. పక్కనే గ్రీజు డబ్బా, మూత కూడా సరిగ్గా పెట్టి ఉంది. ఒక్క క్షణం తీగలాయన ముందుకి కదల్లేకపోయాడు. దగ్గరికెళ్లి ముట్టుకుంటే తెలిసిపోతుంది. ముట్టుకోనంతసేపు ఇంకా ఏమీ తెలియనట్టే. మేస్త్రి వెనక్కి తిరిగి అతన్ని ఒక్క తోపు తోశాడు.

ముట్టుకున్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంది. బావమరిది కళ్లు తెరిచి, మాస్కులో ఉన్న బావ మొహం చూసి, పేలవంగా నవ్వాడు. మేస్త్రి తన మాస్కు తీసి ఊపిరి బిగబట్టి వాడికి పెట్టాడు. తీగలాయన కత్తితో బూటు తాళ్లు కోసి, పాదాన్ని మెలితిప్పి లాగాడు. వాడు కేక పెట్టాడు. ఆ కేక వినగానే తీగలాయనకి అంతవరకూ లేని బలం వచ్చింది. భుజాన వేసుకుని మెట్లెక్కాడు. వెనకనుంచి మేస్త్రి ఊపిరి బిగబట్టలేక దగ్గుతున్నాడు.

గేటు దగ్గర గాలి వీచే చోట గోనెసంచుల మీద పడుకోబెట్టారు. మేనేజరు ఆక్సిజన్ సిలిండరు తెప్పించాడు. బావమరిది రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, తల పగిలిపోతోందన్నాడు. కాలు చీలమండ దగ్గర వాచిపోయింది. కానీ మనిషి మాట్లాడుతున్నాడు. అంబులెన్సు దారిలో ఉందన్నారు. అక్క తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, చీర చెంగుతో మొహం తుడుస్తూ తిడుతోంది. ఆ తిట్లు వినడానికి ప్రాణానికి హాయిగా ఉంది.

తీగలాయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అరవలేదేంట్రా?"

"అరిచాను బావా, మొదట్లో. సొరంగంలో అరిస్తే ఎవరికి వినపడుతుంది? మానేశాను."

"సైరన్ వినపడలేదా?"

"వినపడింది."

"విని కూడా ఊరికే కూర్చున్నావా!"

"కాలిరుక్కుంటే ఏం చెయ్యను? అయినా మెళ్లో బిళ్ల ఉంది కదా." వాడు ఊపిరి కూడదీసుకున్నాడు. "నా చుక్క పచ్చలో ఉన్నంతసేపు మేస్త్రి మాత్రలెయ్యడు. బావ తెర ముందే కూర్చుంటాడు, కాసేపట్లో నన్ను తిట్టుకుంటూ దిగుతాడు అనుకున్నా."

"వాసన రాలేదా?"

"వచ్చింది. పక్క గాదెలో పాతదేమో అనుకున్నా. నువ్వు చూస్తున్నావు కదా బావా, భయమెందుకు?"

ఆ మధ్యాహ్నం తీగలాయన పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. కాలవ దగ్గర చల్లబడ్డ కాళ్లు పరిగెత్తాయి, సొరంగంలో ఆగిన కాళ్లు మెట్లెక్కాయి. ఇప్పుడు మాత్రం అవి పనికిరాకుండా పోయాయి. అలాగే నేల మీద చతికిలబడి, అందరూ చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చాడు.

భార్య చెయ్యి చాచి అతని వీపు నిమిరింది. "ఊరుకోండి. దక్కాడు కదా. మీ యాంటెన్నా పుణ్యమా అని దొరికాడు."

"కాదు" అన్నాడు. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆవిడకి ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ నోరు ఆగలేదు. "నా యాంటెన్నా వల్లే పోబోయాడు. దూరం కోసమని కిందవాళ్లని వదిలేసింది అది. వాడు పచ్చలో ఉన్నాడు. తెర ఎర్రలో చూపించింది."

ఆవిడ చెయ్యి వీపు మీదే ఆగిపోయింది. "కిందకి అందదని మీకు ముందే తెలుసా?"

"తగ్గుతుందని తెలుసు. ఎంత తగ్గిందో అక్కడికి దిగి చూడలేదు."

"చూడకుండానే మేస్త్రిని వేసుకోమన్నారా?"

కోపం కాదు అది. కోపమైతే అతను తట్టుకునేవాడు. ఆవిడ చెయ్యి తీసేసింది. అంబులెన్సు వచ్చింది. తమ్ముడితో పాటు ఎక్కి, తలుపు మూసేటప్పుడు అతని వైపు చూడలేదు. ఆస్పత్రికి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

బండి వెళ్లిపోయాక కూడా జనం కదల్లేదు. అతను చెప్పింది అందరూ విన్నారు. ఊడ్చే ఆవిడ మాత్రం చీపురు రెండు చేతులతో పట్టుకుని దగ్గరికొచ్చింది.

"అన్నా, కిందటి వారం ఐదో గాదెకి మందు వేశారు కదా. ఆ రోజు నేను సొరంగంలో ఊడుస్తున్నాను. సైరన్ మోగితే, ఇంకాస్తే కదా, ఊడ్చేసి పోదామనుకున్నాను. మళ్లీ ఎందుకో మనసొప్పక వచ్చేశాను. నేను పైకొచ్చేసరికే మేస్త్రి గాదె మీదున్నాడు." ఆవిడ టవర్ వైపు ఒకసారి చూసింది. "నేను కిందున్నప్పుడు తెర మీద కనపడ్డానా?"

తీగలాయనకి ఆ రోజు గుర్తుంది. కిటికీలోంచి మేస్త్రి అడిగితే, పచ్చ ఖాళీ అని టీ తాగుతూ చెప్పాడు.

"పచ్చలో కనపడలేదమ్మా" అన్నాడు.

ఆవిడ మెడలోని బిళ్లని వేళ్లతో పట్టుకుని, అదేదో కొత్త వస్తువైనట్టు చూసింది. ఆవిడ వెనక నుంచి ఇంకెవరిదో గొంతు, నెమ్మదిగా, "మరి నేను?" అంది.